వంటింట్లో సబ్‌స్టిట్యూట్లు

మొన్న శుక్రవారం పొద్దున నా కుట్టు షాపు షట్టరు సగమే ఎత్తి సాంబ్రాణి వేసుకుంటున్నాను. ఇద్దరమ్మాయిలు వంగి ఆ సందులోంచే లోపలికి దూరారు. మస్కట్ పక్కన ఈ సీబ్‌లో ఇళ్ళల్లో పనిచేసే మన తెలుగు ఆడపిల్లలు జాకెట్టు వదులు చేయించుకోవాలన్నా, చుడీదారు కుదించుకోవాలన్నా నా దగ్గరికే వస్తారు. ఇదీ అలాంటి పనే అనుకున్నాను. పొట్టిపిల్ల సంచిలోంచి నీలం టీషర్టు తీసి మిషను మీద పరిచింది. వీపు మీద పెద్ద అంకె, దాని పైన తెల్లదారంతో కుట్టిన పేరు. "ఈ పేరు ఇప్పేసి ఇంకో పేరు కుట్టాల అక్కా, సాయంత్రానికి కావాల" అంది. "ఏం, ఆ పిల్ల ఊరికి పోయిందా?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లేదక్కా, ఈడే ఉండాది. నాకౌట్ మ్యాచులు కదా, టీంలోంచి తీసేసినాం" అని రెండోది గొణిగింది. త్రోబాల్ టీమట. మన ఇండియా ఆడవాళ్ళ సంఘం పెట్టే పోటీలట. నేను కూడా ఒకప్పుడు అదే పోటీల్లో ఒక టీంకు మేనేజర్నని చెబితే నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు, నా ఒళ్ళు అలా ఉంది. వాళ్ళు వెళ్ళాక కళ్ళద్దాలు పెట్టుకుని, బ్లేడు పట్టుకుని, ఎవరో ఒక అమ్మాయి పేరు పోగు పోగుగా విప్పుతూ కూర్చున్నాను. కుట్టడానికి పట్టేదానికంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. ఆ కాసేపట్లో ఆ రోజులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

అప్పుడు నేను రాయచోటి దగ్గర ఊరి నుంచి కొత్తగా వచ్చినదాన్ని. ఇదే సీబ్‌లో, ఎయిర్‌పోర్టు వైపు పోయే రోడ్డు వెనక ఒక విల్లాలో పని. ఇప్పుడు అక్కడ అడుగడుక్కీ కాఫీ షాపులొచ్చాయి గాని అప్పుడు వీధి చివర ఒక బక్కాలా, అంటే చిల్లర కొట్టు, దాని పక్కన లాండ్రీ, అంతే. వారంలో ఆరు రోజులు ఒక ఎత్తు, శుక్రవారం ఒక్కటీ ఒక ఎత్తు. దేశమంతా సెలవు తీసుకునే ఆ రోజు మాకు మాత్రం పని రెండింతలు. జుమ్మా నమాజు కాగానే పెళ్ళయి వేరుపడిన కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, కొత్తగా కలిసిన వియ్యాలవారు అందరూ పెద్దింటికి భోజనానికి దిగేవారు. పొద్దున్నే మొదలయ్యేది. ఒక పొయ్యి మీద మాంసం, ఒక పొయ్యి మీద బియ్యం, ఎండిన నల్ల నిమ్మకాయలు చిదిపి వేస్తే ఇల్లంతా పుల్లటి పొగ వాసన. ఆ వాసన మా జడల్లో, దుప్పట్లలో, ఊరికి పంపే పెట్టెల్లో కూడా ఉండేది. భోజనాలయ్యాక ఖర్జూరాలు, హల్వా, యాలకుల కాఫీ. ఆ కాఫీ తాగుతూ వాళ్ళు కబుర్లలో పడితే మూడు దాటాక వచ్చే అసర్ నమాజు దాకా లేచేవారు కాదు. వాళ్ళు లేచేదాకా మా గిన్నెలు లేవవు. ఇంతలో మనవళ్ళు కార్పెట్ మీద జ్యూసు ఒలకబోసేవాళ్ళు. సంఘం వాళ్ళేమో మ్యాచులు సరిగ్గా శుక్రవారం నాలుగింటికే పెట్టేవారు. ఆ టైము ఎవరు పెట్టారో గాని, వాళ్ళింట్లో గిన్నెలు వాళ్ళు కడుక్కునే రకం మాత్రం కాదు.

టీం పుట్టింది చర్చి కాంపౌండులో. శుక్రవారం ఉదయాన్నే, ఇళ్ళల్లో పొయ్యిలు రాజకముందే, తెలుగువాళ్ళ ప్రార్థన ఒకటి జరిగేది. గోదావరి జిల్లాల వాళ్ళు భక్తితో వచ్చేవారు, మా కడప వాళ్ళం సగం మంది తెలుగు మాట చెవిన పడుతుందని వచ్చేవాళ్ళం. బొట్టు పెట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ప్రార్థనయ్యాక డ్రైవర్లు వచ్చేలోపు కాసింత ఖాళీ. ఆ ఖాళీలో మలయాళీ నర్సులు పక్కనే వల కట్టి బంతి విసురుకునేవారు. ఒకరోజు బంతి దారి తప్పి మా మీదికొస్తే మేమంతా చెట్టుకొకరం పుట్టకొకరం పారిపోయాం. ఓబులమ్మక్క మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదలకుండా రెండు చేతులతో లటుక్కున పట్టి, ఒంటి చేత్తో విసిరేసింది. బంతి వల దాటి, నర్సుల్ని దాటి, పాస్టరు గారి కారు మీద పడింది. నర్సులు చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు కొట్టలేదు.

ఓబులమ్మక్క మా అందరికంటే పెద్దది. చిన్నప్పుడు ఇటుకల బట్టీలో పని. పైనుంచి ఒకరు విసిరితే కింద ఇంకొకరు అందుకోవాలి, జారితే కాలు పచ్చడే. ఆ చేతులవి. తర్వాత కువైట్, తర్వాత ఇక్కడ, ఇల్లు మారుతూ ఇల్లు మారుతూ పిల్లల పెళ్ళిళ్ళు చేసింది. వక్క నమిలే అలవాటుంది గాని మేడం చూస్తుందని దవడ కదలకుండా నమలడం నేర్చుకుంది. మనిషి దొడ్డుగా, మోకాళ్ళు నొప్పులుగా ఉండేది, ఎగరమంటే ఎగరదు. కానీ చేతికందిన బంతి కింద పడటం మేము చూడలేదు. "నర్సమ్మలే ఆడల్లనా? మనకేమన్నా చేతులు లేవా?" అని ఆమే అందర్నీ పోగు చేసింది. ఆమే బంతి కొనుక్కొచ్చింది. ఆ బంతిని బియ్యం సంచిలో వేసి, ఎవరూ ముట్టకుండా తన మంచం కింద దాచుకునేది.

నన్ను మేనేజర్ని చేసింది కూడా ఆమే. నాకు బంతి పట్టడం రాదు. వస్తుంటే కళ్ళు మూసుకుంటాను. "నువ్వు ఆటకు పనికిరావు గాని నోరుండాది. మేడంలతో మాట్లాడు పో" అంది. నిజమే, మా మేడం స్కూల్లో టీచరు కాబట్టి, ఆమె పిల్లలతో పాటు నాకూ నాలుగు అరబ్బీ ముక్కలు తొందరగా వచ్చాయి. ఏ టీం మేనేజరైనా ఎవరు బాగా విసురుతారు, ఎవరు బాగా పట్టుకుంటారు అని చూసుకుంటాడు. నేను చూసుకోవాల్సింది ఎవరింటికి చుట్టాలొస్తున్నారు, ఎవరి మేడం పురిటికి దగ్గరపడింది, ఎవరి బాబాకు, అంటే ఇంటాయనకు, కోపమెక్కువ అనే. గురువారం సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తూ, బటన్ల ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి అన్ని ఇళ్ళకూ ఫోన్లు చేసేదాన్ని. రేపు మీ ఇంట్లో ఎంతమంది? మాంసమా, చేపలా? చేపలైతే సంతోషం, గిన్నెలు తొందరగా తెములుతాయి. మాంసమైతే కొవ్వు వదలదు, ఆ మనిషి నాలుగింటికి రాలేదు.

ఇలా అయితే ఏడుగురు ఏనాటికీ పోగవ్వరని తేలాక ఒక పద్ధతి పెట్టాను. ఆ పద్ధతి గురించి ఇప్పటికీ నాకు గర్వమే. కోర్టులో ఆడేది ఏడుగురు. మిగతా టీంలకు సబ్‌స్టిట్యూట్లు గీత పక్కన కుర్చీల్లో కూర్చుని నారింజ తొనలు తినేవారు. మా సబ్‌స్టిట్యూట్లు వంటింట్లో ఉండేవాళ్ళు. ఆ వారం ఆడనివాళ్ళు, ఆడేవాళ్ళ ఇళ్ళకు పోయి వాళ్ళ గిన్నెలు కడిగి, కాఫీ కాచి, కార్పెట్ తుడిచి వచ్చేవాళ్ళు. తర్వాతి వారం వీళ్ళు ఆడితే వాళ్ళు పోవాలి. అన్నీ చుట్టుపక్కల ఇళ్ళే, మేడంలందరూ ఒకరికొకరు ఎరిగినవాళ్ళే, మేమూ ఏళ్ళుగా తెలిసిన మొహాలమే. నేను ముందుగా ఫోన్ చేసి చెప్పేదాన్ని. గిన్నె తళతళలాడితే చాలు, తోమింది ఎవరి చెయ్యి అని అడిగిన మేడం లేదు. ఒకామె అయితే, "ఈ పిల్ల మా పిల్లకంటే బాగా తోముతుంది, దీన్నే ఆటకు పంపకు" అంది. పాపం ఆ పిల్ల అప్పట్నించీ గిన్నెలకు మసి మిగల్చడం మొదలుపెట్టింది. మరి దానికీ ఆడాలని ఉంటుంది కదా!

ఈ పద్ధతికి లొంగని ఇల్లు ఒక్కటే, సత్యవేణి పనిచేసే ఇల్లు. సత్యవేణిది రాజోలు వైపు. పొడుగ్గా, ఊచలాగా ఉండేది. ఆమె పైకెగిరి విసిరితే బంతి వల అవతల ఏ మూల పడుతుందో ఆ బంతికి కూడా తెలియదు. ఆమె లేకపోతే మా టీం లేదు. కానీ ఆ ఇంట్లో హబ్బూ ఉంది. హబ్బూ అంటే ఇక్కడి మాటలో నానమ్మ. ఎండిన ఖర్జూరంలాంటి ముసలామె, వెండి ఉంగరాల వేళ్ళు, చేతికర్ర. పొద్దున్నే లుబాన్ అనే సాంబ్రాణి పొగ తనే వేసుకునేది; ఆ పొగ ముందు ఆమె గదిలో, తర్వాతే మిగతా ఇంట్లో. కాఫీ నురగ ఎక్కువైతే తాగదు, తక్కువైతే తాగదు. కోడళ్ళు ఆమె గదికి చెప్పులు వదిలి, గొంతు తగ్గించి పోయేవారు. లీగ్ మ్యాచుకు ఒకసారి సత్యవేణి బదులు జ్యోతి అనే పిల్లను పంపాను. కాఫీలో కుంకుమపువ్వు ముందు వేయాల్సింది తర్వాత వేసిందట. హబ్బూ కర్ర నేలకేసి కొట్టింది, జ్యోతి చెప్పులు చేతబట్టుకుని గేటు దాకా పరుగు. ఆ ముసలామె దగ్గర నిలబడగలిగిన మనిషి ఓబులమ్మక్క ఒక్కతే. హబ్బూకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు అక్కే పోయి లేపింది, కూర్చోబెట్టింది, నూనె రాసింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే గంటలు గంటలు తిట్టుకునేవారు.

మేము నాకౌట్‌కు చేరాం. ఎలా చేరామని అడక్కండి, ఆఫీసర్ల భార్యల టీంలో ముగ్గురు సెలవులకు ఇండియా పోయారు, దేవుడు చల్లగా చూశాడు. సెమీఫైనల్ నర్సులతో. సంఘం సెక్రటరీ మేడం, నాకౌట్‌కు పది పేర్లే ఇవ్వాలి, ఆ పదిమందిలో నుంచే ఆడాలి, ముందు శుక్రవారమే ఇచ్చేయాలి అంది. మేము పదకొండు మందిమి. అక్కడికే నా తల తిరిగింది. దాని మీద ఇంకో పిడుగు: మ్యాచ్ రోజే హబ్బూ పెద్దకొడుకు మక్కాకు పోయి ఉమ్రా చేసి వస్తున్నాడు, ఇల్లంతా చుట్టాలు, ఒంటె పిల్లనే కోస్తున్నారని సత్యవేణి కబురు తెచ్చింది. ఆమె ఆడాలంటే ఆ ఇంటికి ఓబులమ్మక్క పోవాలి, వేరే దారి లేదు. ఓబులమ్మక్కేమో ఎగ్జిట్ కొట్టించుకుంది. వీసా రద్దయి, టికెట్ చేతికొచ్చి, సెమీఫైనల్ అయిన మంగళవారమే ఇక ఎప్పటికీ తిరిగిరాకుండా ఊరికి పోతోంది. ఫైనల్‌కు ఉండదు. బంతి కొన్న మనిషి, టీం కట్టిన మనిషి, నాకౌట్ ఆడాలంటే ఆమెకున్నది ఆ ఒక్క సాయంత్రమే.

పేర్లు ఇవ్వాల్సిన పొద్దున ప్రార్థన అయ్యాక కాంపౌండు గోడ పక్కన చేరాం. ఓబులమ్మక్క ఇంకా లోపలే ఉంది.

"మా ఇంటికి ఆవిడ తప్ప ఇంకెవరెల్లినా రక్తపాతమేనండి" అంది సత్యవేణి. "పోనీ నేనే మానేత్తాను. ఓబులమ్మగార్ని ఆడించండి. ఆయ్, నిజంగానే చెప్తున్నాను."

"నువ్వు మానేస్తే ఇంకేంటికి పోయేది మ్యాచుకు? నర్సమ్మలకు దండం పెట్టి రావల్ల" అంది జ్యోతి. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అక్క ఎట్లాగూ ఎగరలేదు కదా రెడ్డెమ్మక్కా. పేరు రాసినా దండగే. ఆ చోటు ఇంకొకరికియ్యి" అంది.

ఇంతలో వెనక నుంచి, "ఏంది మే, ఎవురన్నా సచ్చినారా అట్ల నిలబడ్నారు?" అని అక్క వచ్చింది. ఆమె మా మొహాలన్నీ ఒకసారి చూసింది. మొత్తం తెలిసిపోయింది.

"దీనికేనా? ముసల్దాని కాడికి నేను పోతాలే. ఆ పొడుగుది ఆడల్ల, అది ఆడకపోతే ఎట్ల? నా పేరు కొట్టేయ్ రెడ్డెమ్మా."

"నువ్వు కూడా ఆడల్ల కదక్కా" అన్నాను.

"ఆడినాం లే. ఇంకేంది ఆడేది, మోకాళ్ళు చూడు ఎట్లుండాయో. గమ్మున రాయి" అని బంతి సంచి నా చేతిలో పెట్టి, అటు తిరిగి, ఎప్పుడూ లేనిది వల తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆ ముడి ఎంతకీ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె తిడుతుందని చెమట తుడుచుకున్నట్టు కొంగుతో మొహం తుడుచుకున్నాను. సెక్రటరీ మేడం దగ్గరికి పోయి తొమ్మిది పేర్లు చెప్పాక పదో పేరు ఓబులమ్మ అన్నాను. జ్యోతి నా చెయ్యి గిల్లింది. రాని మనిషికి ఒక చోటు పాడు చేశానని ఆ వారమంతా ఫోన్లో నన్ను దులిపేశారు. పడ్డాను. ఆడకపోయినా పేరన్నా ఉండాలనిపించింది, అంతకుమించి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

మ్యాచ్ రోజు స్కూలు గ్రౌండులో నర్సులు తెల్ల బూట్లతో, విజిల్ ఊదే కోచ్‌తో దిగారు. మావి నేను కుట్టిన చిలకపచ్చ టీషర్టులు. కింద ఎవరికి తోచింది వాళ్ళు వేసుకొచ్చారు. ఒకామె పంజాబీ పైజామా, ఒకామె బాబా పాత ట్రాక్‌ప్యాంటు. సత్యవేణి వచ్చింది, ఓబులమ్మక్క ఆమె ఇంటికి పోయింది. మొదటి సెట్టు సత్యవేణి ఒక్కతే గెలిపించింది. రెండో సెట్టుకు నర్సులకు కిటుకు తెలిసింది, బంతి ఆమెకు తప్ప అందరికీ విసిరారు. ముఖ్యంగా జ్యోతికి. వాళ్ళ కెప్టెన్, పొడుగు నర్సు ఒకామె, విసిరితే ఇంజెక్షన్ పొడిచినట్టే ఉండేది. జ్యోతి చేతుల్లోంచి బంతి సబ్బులా జారిపోయేది. రెండో సెట్టు పోయింది. మూడో సెట్టు పదిహేను పాయింట్లకు. ఎనిమిది, తొమ్మిది, పది అంటూ ఇద్దరం ఒకరి వెనక ఒకరం పోతున్నాం, జ్యోతి మొహం ఎర్రబడి ఏడుపుకు దగ్గరలో ఉంది, గీత పక్కనున్న మా రెండు కుర్చీల్లో మనుషులు లేరు. మా సబ్‌స్టిట్యూట్లు అప్పుడు ఎవరెవరి సింకుల ముందో ఉన్నారు.

అప్పుడు గేటు దగ్గర ఒక పెద్ద తెల్ల కారు ఆగింది. ముందు సీటు తలుపు తెరుచుకుని ఒక చేతికర్ర బయటికొచ్చింది, ఆ వెనక హబ్బూ. వెనక సీట్లోంచి కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, మూత పెట్టిన అన్నం పళ్ళెం, చివరగా ఓబులమ్మక్క. అంతకుముందు ఆ ఇంట్లో జరిగింది తర్వాత అక్క చెప్పింది. భోజనాలయ్యాక హబ్బూ మోకాళ్ళకు నూనె రాద్దామని అక్క చేతులు పైకి మడిచిందట. నైటీ కింద చిలకపచ్చ టీషర్టు కనబడింది. ఆడటానికి పోవడం లేదని తెలిసి కూడా పొద్దున్నే అది తొడుక్కుని, మీద నైటీ వేసుకుని పోయింది మా అక్క. ఇదేమిటని ముసలామె గుడ్డ పట్టి లాగింది. వచ్చీరాని అరబ్బీలో, చేతులతో విసిరి చూపించి, సత్య ఆడుతోందని, తానూ ఆ టీమేనని, ఇక్కడ ఉండాలి కాబట్టి పోలేదని అక్క చెప్పింది. హబ్బూ ఇల్లెగిరిపోయేలా అరిచిందట. "నా ఇంట్లో ఇంతమంది కోడళ్ళున్నారు, ఒక్క సాయంత్రం నా మోకాళ్ళు ఎక్కడికైనా పారిపోతాయా? నన్ను ఎవరడిగారు? ఎవరైనా అడిగారా?" అని. నిజం, ఎవరం అడగలేదు. సీజనంతా మేడంలను బతిమాలుకున్నాం, వాళ్ళ పిల్లల చేత చెప్పించాం, డ్రైవర్ల చేత చెప్పించాం. ఆ ఇంటి పెద్దామెను మాత్రం భయపడి ఒక్కరం కూడా అడగలేదు. అప్పుడే మక్కా నుంచి దిగి, ఇంకా అందరి సలాములూ పూర్తికాని పెద్దకొడుకును "యల్లా, కారు తియ్" అని లేపి బయల్దేరింది.

కోర్టు పక్కన చాప పరిచి కూర్చోగానే హబ్బూ కర్రతో నన్ను పిలిచింది. "ఇది ఎందుకు ఆడటం లేదు?" అని ఓబులమ్మక్కను చూపించింది. అక్క నైటీ విప్పి మడతపెట్టి చేతిలో పట్టుకుని, అదేదో తనకు సంబంధం లేని విషయమన్నట్టు ఆకాశం చూస్తోంది. స్కోరు పన్నెండు పన్నెండు. సత్యవేణి వల దగ్గర నుంచి నన్నే చూస్తోంది. మిగతావాళ్ళు వద్దు వద్దని కళ్ళతో చెబుతున్నారు. వాళ్ళ మాటే న్యాయం. మోకాళ్ళు లేని మనిషిని ఆ సమయంలో ఏ మేనేజరు దింపుతాడు? నేను చెయ్యెత్తి జ్యోతిని బయటికి పిలిచాను.

"తిక్కదానా, ఓడిపోతాం" అంది అక్క నా చెవిలో.

"ఓడిపోతే పోదాం. పో అక్కా" అన్నాను.

మొదటి బంతే అక్క తల మీదుగా పోయింది. ఎగిరితే అందేది. పన్నెండు పదమూడు. మా పిల్లలు నన్ను చూసిన చూపుకు నేను అక్కడే మాడిపోవాల్సింది. పొడుగు నర్సుకు ఆశ పుట్టింది, వయసైన మనిషి దొరికిందని ఈసారి నేరుగా అక్క మీదికే, బలమంతా పెట్టి విసిరింది. బంతి వచ్చి అక్క పొట్ట దగ్గర ఆగింది. పట్టిందని ముందు మాకు అర్థం కాలేదు, చప్పుడు కూడా లేదు. అక్క తాపీగా చూసి, ఎవరూ లేని చోట, వల వెనకే, పెరట్లో చెత్త పారేసినట్టు వేసింది. పాయింటు. హబ్బూ కర్రతో చాప మీద కొట్టింది. నర్సుకు రోషం వచ్చి మళ్ళీ అక్క మీదికే విసిరింది, మళ్ళీ పట్టింది, ఈసారి వల అవతల, సత్యవేణికి ఎదురుగా ఉన్న మూలకు వేసింది. చివరి పాయింటు సత్యవేణిదే, అందులో అనుమానం లేదు. కానీ ఎగిరి గంతులేసిన పిల్లలంతా పోయి మీద పడింది ఓబులమ్మక్క మీద. "వదలండే, మోకాలు, మోకాలు!" అని ఆమె అరుస్తుంటే ఎవరూ వినలేదు. నేను కూడా పోయి పడ్డాను. తర్వాత నర్సులూ మేమూ అదే చాప మీద, అదే పళ్ళెంలో ఒంటె మాంసం అన్నం తిన్నాం. హబ్బూ కాఫీ గిన్నె ముందు పొడుగు నర్సుకు, తర్వాత అక్కకు అందించింది. ఆ ఇంట్లో ఆమె చేతి కాఫీ కోడళ్ళకు కూడా దొరకదని సత్యవేణి చెప్పింది.

మంగళవారం అక్క పోయింది. ఫైనల్ సంగతి చెప్పను, చెప్పేంత సేపు జరగలేదు కూడా.

ఇప్పటి పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ళ ఫోన్లోనే కోర్టు బుక్ అవుతుంది, లైట్లున్న కోర్టు. అందరికీ ఒకే రకం బూట్లు. చాలామందికి వారానికో సెలవు రాసిచ్చిన కాయితం ఉంది. మేడం దయ కోసం ఇస్త్రీ పెట్టె ముందు ఫోను నొక్కిపెట్టి బతిమాలక్కర్లేదు. అది మంచిదే, వెయ్యిసార్లు మంచిదే. మా పద్ధతిలో సరదా ఉందని ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, అప్పుడు ఒక్కో శుక్రవారం కాళ్ళు లాగేసి గోడకానుకుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి. సాయంత్రం టీషర్టు కోసం వచ్చిన పొట్టిపిల్లను, ఆ అమ్మాయిని ఎందుకు తీసేశారని అడిగాను. "అది పనిచేసే ఇంట్లో పసిబిడ్డ అక్కా, ప్రాక్టీసుకు కుదరడంల్యా" అంది. "మరి మీలో ఒకరు పోయి ఆ బిడ్డను చూసుకోవచ్చు కదే?" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. గేటు దగ్గర కెమెరా ఉంటుందట, వేరే మనిషి అడుగు పెడితే బాబా ఫోన్లో గంట మోగుతుందట. ఈ పిల్లలు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ రోజులు వేరు. కాని ఒకరి వంటింటి గుట్టు ఇంకొకరికి తెలియకుండా టీం ఎలా కడతారో మాత్రం నాకు బోధపడలేదు.

ఆ పిల్ల పోయాక ఉండబట్టలేక ఓబులమ్మక్కకు ఫోన్ చేశాను. కోడలు ఎత్తింది. అత్త మేకల వెంట పోయింది, వస్తుంది ఉండమంది. ఆ అమ్మాయిని నేను ఎప్పుడూ చూడలేదు, ఫోన్లోనే పరిచయం. కాసేపు ఊరి వానల గురించి మాట్లాడి, ఉన్నట్టుండి అడిగింది.

"చిన్నత్తా, నీకు తెలిసుంటాది గాని, ఒక మాట అడగల్లా? ఊళ్ళో ఎవురన్నా వచ్చి, మస్కట్‌లో అన్నేండ్లు ఏం పని చేసినావు ఓబులమ్మా అని అడిగితే, మా అత్త బాల్ ఆడినా అంటాది. గిన్నెలు తోమినా అనదు, ముసలోల్లను చూసుకున్యా అనదు. బాల్ ఆడినా, అంతే. మేమంతా పరాచికానికి అంటాండాదేమో అనుకుంటాండాం. నిజంగా ఆడిందా?"

"ఆడింది మ్మా" అన్నాను. "సెమీఫైనల్ ఆడింది. నేనే ఆడించినా."